డిగ్రీ పూర్తయ్యాక ఏ దారి? గోదావరి డెల్టా పట్టభద్రులకు ఒక పోలిక

సార్వా నారుమళ్లు పోసే రోజుల్లోనే మా వైపు డిగ్రీ, ఇంజినీరింగ్ చదువులు కూడా ఒక కొలిక్కి వస్తాయి. ఆ రెండు నెలలూ ఏ పెళ్లికి వెళ్లినా, ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా "మా అబ్బాయి చదువు అయిపోయింది, ఇక ఏం చేయిస్తే బాగుంటుందండీ?" అన్న ప్రశ్న తప్పదు. సమాధానం చెప్పే పెద్దమనిషి తాను నడిచిన దారినో, తన మేనల్లుడు నడిచిన దారినో చెబుతాడే గాని, రెండు మూడు దారులను పక్కపక్కన పెట్టి చూపించడు. నేను రెండున్నరేళ్లు ఏపీపీఎస్సీ గ్రూప్స్ పరీక్షలకు చదివి, ఎంపిక కాక, భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ట్రైనీగా చేరాను. ఇప్పుడు అదే ప్లాంటులో నాణ్యతా విభాగానికి కొత్తవారిని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ చేసేవారిలో ఒకడిని. ఈ పోలికకు ఆ రెండు అనుభవాలే ఆధారం.

సాధారణంగా ఉద్యోగాలను జీతం, భద్రత, గౌరవం అనే మూడింటితో పోలుస్తారు. అవి దొరికిన ఉద్యోగాలను పోల్చడానికి పనికివస్తాయి గాని, ఇంకా దొరకని ఉద్యోగం కోసం ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి అంతగా ఉపయోగపడవు. నా దృష్టిలో అడగవలసిన ప్రశ్నలు రెండు. ఈ దారికి ఒక తేదీ ఉందా, అంటే ఫలానా నెలకు అవునో కాదో తెలుస్తుందా? అనుకున్నది జరగకపోతే ఆ రోజున మీ చేతిలో ఏం మిగిలి ఉంటుంది? ఈ రెండింటికీ ముందు ఇంట్లో తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది. జీతం లేకుండా మిమ్మల్ని ఎన్ని నెలలు పోషించగలరో తల్లిదండ్రులను సూటిగా అడిగి, ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. కౌలు రైతు ఇంట్లో ఆ అంకె ఆరు కావచ్చు, ఉపాధ్యాయుల ఇంట్లో ఇరవై నాలుగు కావచ్చు. ఒకే హాస్టల్ గదిలో ఉండే ఇద్దరికి ఒకే సలహా నప్పకపోవడానికి కారణం అదే.

ప్రభుత్వ పరీక్షలు: అన్నీ ఒక్కటి కావు

"గవర్నమెంటు ఉద్యోగానికి ప్రిపేరవుతున్నాడు" అనే మాటలో నాలుగైదు వేరు వేరు దారులు కలిసిపోయి ఉంటాయి. వీటిని రెండు రకాలుగా విడదీయాలి: క్యాలెండర్ ఉన్న పరీక్షలు, క్యాలెండర్ మీద నమ్మకం పెట్టుకోలేని పరీక్షలు.

ఐబీపీఎస్ నిర్వహించే బ్యాంకు పరీక్షలు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పరీక్షలు మొదటి రకం. ఇవి దాదాపు ప్రతి ఏటా వస్తాయి, ఏడాది ప్రణాళికను ముందే ప్రకటిస్తారు. బ్యాంకు పరీక్షలైతే ప్రిలిమ్స్, మెయిన్స్, ఫలితం అన్నీ సాధారణంగా ఏడాది లోపే తేలిపోతాయి. ఈసారి పోయిందంటే ఎందులో పోయిందో మార్కుల్లో కనిపిస్తుంది, మళ్లీ రాయడానికి తేదీ కూడా కనిపిస్తుంది.

రాష్ట్ర పరీక్షల సంగతి వేరు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరులో ఒకటి వచ్చింది, ఆ తర్వాతిది 2023 డిసెంబరులో వచ్చింది. మధ్యలో అయిదేళ్లు. ఆ రెండోదానికి 2024 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్ జరిగితే, మెయిన్స్ జరిగేసరికి 2025 ఫిబ్రవరి అయింది. కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో 6,100 ఖాళీలతో ప్రకటన వెలువడింది, 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష అయింది, తుది రాత పరీక్ష 2025 జూన్‌లో గాని జరగలేదు, ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. ప్రాథమిక పరీక్ష తర్వాత దాదాపు రెండేళ్లు దేహదారుఢ్య పరీక్ష ఎప్పుడు పెడతారో తెలియక తెల్లవారుజామున కాలువ గట్ల మీద పరుగు మానకుండా ఉన్న పిల్లలు మా మండలంలోనే చాలామంది ఉన్నారు. ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీది మరో తీరు. 2018 తర్వాత ఏళ్ల తరబడి నియామకమే లేదు. తీరా 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చాక, జూన్‌లో పరీక్షలు మొదలై, సెప్టెంబరు చివరికల్లా నియామక పత్రాలు కూడా ఇచ్చేశారు. ఏడేళ్లు ఎదురు చూసినవారికి చదువుకోవడానికి దొరికినవి ఏడు వారాలు. అప్పటికే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ సబ్జెక్టును వదలకుండా ఉన్నవారు ఆ ఏడు వారాల్లో నిలదొక్కుకోగలిగారని నేను గమనించాను.

ఇక్కడ వయసు లెక్క ఒకటి చాలామంది తలకిందులుగా వేస్తారు. ఐబీపీఎస్ క్లర్కు పోస్టులకు జనరల్ అభ్యర్థులకు గరిష్ఠ వయసు 28 ఏళ్లు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసరు)కు 30. వెనుకబడిన తరగతులవారికి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు ఉంటుంది. 2023 నాటి గ్రూప్-2 ప్రకటనలో జనరల్ అభ్యర్థులకే 42 ఏళ్ల వరకు అవకాశం ఇచ్చారు. 28కే మూసుకుపోయే తలుపును పక్కన పెట్టి, 42 దాకా తెరిచి ఉండే తలుపు ముందు ఇరవై రెండేళ్ల వయసులో కాపలా కూర్చోవడం నేను చేసిన తప్పు. నాకు మళ్లీ ఆ వయసు వస్తే ముందు రెండేళ్లు బ్యాంకు, ఎస్ఎస్‌సీ పరీక్షలకే ఇచ్చి, గ్రూప్స్‌ను ఒక ఉద్యోగంలో కుదురుకున్నాక చదువుతాను. పైగా గణితం, రీజనింగ్ ఒకసారి పట్టుబడితే బ్యాంకుకూ, ఎస్ఎస్‌సీకీ, రైల్వేకూ ఒకే చదువు పనికివస్తుంది. ఆంధ్రప్రదేశ్ చరిత్ర, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ నేర్చుకున్న చదువు ఏపీపీఎస్సీ గది దాటి బయట పెద్దగా చెల్లదు.

తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లిష్ అంటే బెదిరేవారు గ్రామీణ బ్యాంకు పరీక్షను తప్పక చూడాలి. ఆఫీస్ అసిస్టెంట్ ప్రిలిమ్స్‌లో రీజనింగ్, న్యూమరికల్ ఎబిలిటీ మాత్రమే ఉంటాయి, ప్రశ్నపత్రాన్ని తెలుగులో ఎంచుకోవచ్చు. మన జిల్లాల్లో పనిచేసిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకుతో సహా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి. కాబట్టి ఎంపికైతే మన ఊరి పక్కనే పోస్టింగు వస్తుందన్న పాత లెక్క ఇప్పుడు వేసుకోకూడదు, అనంతపురం కూడా రావచ్చు. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షను కూడా 2024 నుంచి తెలుగులో రాయనిస్తున్నారు.

కోచింగ్ విషయంలో మన వాళ్లకు ఒక పటం ఉంది: డీఎస్సీకి అవనిగడ్డ, బ్యాంకులకు నంద్యాల, గ్రూప్స్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్. మొదటి నాలుగు నెలలు క్రమశిక్షణ కోసం వెళ్లడంలో తప్పు లేదు. ఆ తర్వాత కూడా అక్కడే గది అద్దె కట్టడం చదువు కోసమా, లేక ఊళ్లో నలుగురి కంట పడకుండా ఉండడం కోసమా అన్నది ఎవరికి వారు నిజాయతీగా చూసుకోవాలి. నేను చివరి ఏడాది రెండో కారణంతోనే ఉన్నాను. మా అమ్మ ప్రతి నెలా పంపిన 7,000 రూపాయలు పాల డబ్బులని నాకు తర్వాత తెలిసింది.

హైదరాబాద్ రైలు ఎక్కడం

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో, నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లోనో బ్యాగు పెట్టుకుని అమీర్‌పేట వెళ్లి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడం రెండో దారి. ఈ దారికి నోటిఫికేషన్ తేదీ లేదు గాని, గడువు మాత్రం ఉంది, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు. పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునే ప్రకటనల్లో ఉత్తీర్ణత సంవత్సరాన్ని స్పష్టంగా అడుగుతాయి. పదో తరగతి నుంచి 60 శాతం మార్కులు, తప్పిన సబ్జెక్టులు (బ్యాక్‌లాగ్‌లు) మిగిలి ఉండకపోవడం వంటి షరతులూ పెడతాయి. అందువల్ల సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గు ఉన్నవారు డిగ్రీ పూర్తయిన మొదటి ఏడాదే అటు వెళ్లాలి. ముందు రెండేళ్లు గ్రూప్స్ చదివి, రాకపోతే సాఫ్ట్‌వేర్ చూద్దామనుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అయ్యే ప్రమాదం ఎక్కువ. బీఎస్సీ, బీసీఏ చదివినవారు తమకు అవకాశం లేదనుకుంటారు. విప్రో వంటి సంస్థలు అలాంటి పట్టభద్రులను ఉద్యోగంలోకి తీసుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివించే పద్ధతి కూడా ఉంది.

జీతాన్ని పోల్చేటప్పుడు ఏడాది ప్యాకేజీ అంకెను చూసి మోసపోవద్దు. ఏడాదికి 3,60,000 అంటే నెలకు 30,000 అని ఇంట్లో స్వీట్లు పంచుతారు. మూల వేతనం 15,000 అనుకుంటే, అందులో 12 శాతం, అంటే 1,800 రూపాయలు కంపెనీ వాటా పీఎఫ్ కింద ప్యాకేజీలోనే లెక్కవేసి ఉంటుంది. గ్రాట్యుటీ పేరుతో మరో 720 దాకా, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం పది శాతమైతే మరో 3,000 పక్కకు పోతాయి. మిగిలిన 24,500లో మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికి వచ్చేది 22,500. హాస్టల్, తిండి, బస్సు ఖర్చులు పోను మిగిలేది 12,000 దాటడం కష్టం. ఊళ్లో ఉండి 15,000 తెచ్చుకునేవాడికి మొదటి ఏడాది మిగిలేదీ అటూ ఇటూగా అంతే. తేడా మూడో ఏడాది నుంచి మొదలవుతుంది. పని నిజంగా నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కంపెనీ మారి జీతాన్ని రెట్టింపు చేసుకోగలడు. ఊళ్లో ఉద్యోగం అంత వేగంగా ఎదగదు, ఆ మాట దాచడం భావ్యం కాదు.

ఈ దారిలో ఉన్న పెద్ద గుంట కన్సల్టెన్సీలు. నాతో చదువుకున్న ఒకడు దొడ్డిదారి (బ్యాక్‌డోర్) ఉద్యోగం పేరిట 80,000 కట్టాడు. ఆఫర్ లెటర్ మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, అంతస్తు నంబరుతో సహా చిరునామా ఉంది, ఆ అంతస్తులో మాత్రం ఒక దంత వైద్యశాల ఉంది. ఉద్యోగం ఇచ్చేవారు మీకు డబ్బు ఇవ్వాలి గాని మీ దగ్గర తీసుకోరు. దొంగ అనుభవ పత్రాలు పెట్టమని చెప్పేవారి మాట కూడా వినవద్దు. పీఎఫ్ ఖాతా వివరాలు చూస్తే ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో తెలిసిపోతుంది, మేము కూడా అదే చూస్తాం.

డెల్టాలోనే ఉండిపోవడం

ఊళ్లో ఏముంది అనే మాట మన పిల్లల నోట తరచుగా వింటాను. కాకినాడలో రేవు, ఎరువుల కర్మాగారం, రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ, పేపరు మిల్లు, తణుకులో ఆంధ్రా షుగర్స్, కొవ్వూరులో రొయ్యల మేత తయారీ, భీమవరం చుట్టూ ప్రాసెసింగ్ ప్లాంట్లు, నీటి పరీక్షల ల్యాబులు ఉన్నాయి. ఇవన్నీ పెద్ద ప్రకటనలు ఇచ్చి మనుషులను తీసుకోవు. ఖాళీ వచ్చినప్పుడు లోపల పనిచేసేవారిని "ఎవరైనా ఉన్నారా" అని అడుగుతారు. కాబట్టి ఈ దారిలో దరఖాస్తు కంటే పరిచయం ముఖ్యం, పరిచయం అంటే సిఫారసు అని అర్థం చేసుకోవద్దు. మీ కాలేజీ సీనియర్లలో ఇద్దరు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని, వారి ల్యాబులో ఏ పరీక్షలు చేస్తారో అడిగి తెలుసుకుని రావడమే ఆ పరిచయం.

నాకు బాగా తెలిసిన పని గురించి కొంచెం వివరంగా చెబుతాను. జువాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, ఆక్వాకల్చర్ చదివినవారిని మా విభాగంలోకి తీసుకుంటాం. చెరువు నుంచి వచ్చిన వెనామీ రకం రొయ్యల లోడు దిగగానే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్కపెట్టి కౌంట్ తేల్చడం, ఐసు కరిగిందేమో చూడడం, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకు నమూనా తీయడం, ఫ్రీజర్ నుంచి బయటకు వచ్చిన సరుకు లోపలి ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలకు దిగిందో లేదో సూది థర్మామీటరుతో చూసి రిజిస్టరులో రాయడం ట్రైనీ పని. రబ్బరు బూట్లు, తల మీద టోపీ, చేతులు మాత్రం చల్లటి నీటిలో. రాత్రి షిఫ్టు తప్పదు. మొదటి ఏడాది మా దగ్గర చేతికి 14,000 నుంచి 15,000 వస్తుంది. ఈ రంగం బయటి దేశాల కొనుగోళ్ల మీద ఆధారపడింది కాబట్టి గట్టి ఎదురుదెబ్బలు కూడా తగులుతాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మా ప్లాంటులో ఆరు నెలలు కొత్తవారిని తీసుకోలేదు. అయినా ఈ దారిలో పోయిన ఏడాది వృథా కాదు. నాణ్యతా ప్రమాణాలు, ల్యాబు పని తెలిసిన మనిషిని ఫార్మా కంపెనీ తీసుకుంటుంది, పాల డెయిరీ తీసుకుంటుంది, మేత కంపెనీ చెరువుల మీద తిరిగే టెక్నీషియన్‌గా తీసుకుంటుంది.

ఇంజినీరింగ్, డిప్లొమా, ఇప్పుడు సాధారణ డిగ్రీ చదివినవారు కూడా చిన్నచూపు చూసే అవకాశం అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏడాది పాటు శిక్షణ ఇస్తూ స్టైపెండ్ చెల్లిస్తారు. 2019లో పట్టభద్రులకు నిర్ణయించిన కనీస మొత్తం నెలకు 9,000 రూపాయలు. ముందుగా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఓఎన్‌జీసీ వంటి సంస్థలు రాత పరీక్ష లేకుండా డిగ్రీ మార్కుల ఆధారంగానే ఎంపిక చేస్తాయి. శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు, ఆ ఆశతో వెళ్లవద్దు. ఏడాది తర్వాత చేతిలో ఒక పెద్ద సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం, నిజంగా యంత్రాల మధ్య తిరిగిన అనుభవం ఉంటాయి. నా రెండో ప్రశ్నకు అన్ని దారుల కంటే సూటిగా జవాబు చెప్పేది ఇదే.

విదేశాల గురించి రెండు మాటలు

కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లడం కొత్త కాదు. వెళ్లాలనుకుంటే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లాలి, ఆ ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి రాష్ట్ర ప్రభుత్వానికే ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. విజిట్ వీసా మీద తీసుకువెళ్లి అక్కడ మార్పిస్తామనేవారిని, కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం అనేవారిని గుమ్మం దగ్గరే పంపించేయండి. ఎకరం అమ్మి అమెరికాలో ఎంఎస్ చేయించే ఆలోచన ఉన్నవారు 2025 సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పటికే రెండు మూడేళ్లు గడిచిపోయినవారికి

పై పోలిక అప్పుడే డిగ్రీ పూర్తయినవారికి సులువుగా అన్వయిస్తుంది. రెండు మూడు నోటిఫికేషన్లు చూసి, మార్కు, అర మార్కు తేడాతో పోయి, ఇంట్లో భోజనానికి కూర్చోవడానికే మొహమాటపడే స్థితికి వచ్చినవారికి ప్రశ్న వేరుగా ఉంటుంది. వారు ఎంచుకోవలసింది మానేయడమా, కొనసాగించడమా అని కాదు. పూర్తి కాలం చదవడమా, ఉద్యోగం చేస్తూ చదవడమా అన్నది తేల్చుకోవాలి. ఇద్దరు ముగ్గురు మిత్రుల విషయంలో చూసి చెబుతున్నాను, మూడో ఏడాది రోజుకు పన్నెండు గంటలు చదివేవాడు నిజంగా కొత్తగా నేర్చుకునేది రెండు గంటలకు మించదు. మిగిలిన పది గంటలు చదివిందే చదవడం, టెలిగ్రామ్ గ్రూపుల్లో వాయిదా వార్తలు వెతకడం. ఆ రెండు గంటలను ఎనిమిది గంటల షిఫ్టు తర్వాత కూడా సంపాదించవచ్చు. కష్టమే, కాని జేబులో మీ సొంత డబ్బు ఉంటుంది.

ఖాళీగా గడిచిన ఏళ్ల గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలని చాలామంది అడుగుతారు. దాచవద్దు. మా వంటివారు ఆ ప్రశ్న అడిగేది తప్పు పట్టడానికి కాదు, చేరిన మూడో నెలలో నోటిఫికేషన్ రాగానే చెప్పకుండా వెళ్లిపోతారేమోనన్న భయంతో. కాబట్టి ఆ భయానికే సమాధానం చెప్పండి. ఏ పరీక్షలు రాశారో, ఎంతవరకు వెళ్లారో, ఇకముందు ఏది రాస్తారో, సెలవు ఎన్ని రోజుల ముందు అడుగుతారో చెప్పండి. రెజ్యూమేలో కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు అని ఇంటర్నెట్‌లో దొరికిన మాటలు దించకండి. నిరుడు ఒకే రోజు పదకొండు రెజ్యూమేలు చూస్తే తొమ్మిదింటిలో ఆ రెండు మాటలే ఒకే వరుసలో ఉన్నాయి.

పదో రెజ్యూమే పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. బీఎస్సీ కెమిస్ట్రీ, మూడేళ్ల విరామం, రెండుసార్లు గ్రామీణ బ్యాంకు మెయిన్స్ దాకా వెళ్లింది. డిగ్రీలో చేసిన ప్రయోగాల్లో ఏది గుర్తుందని అడిగితే, నీటి కాఠిన్యం కొలిచే టైట్రేషన్‌లో రంగు మారే చుక్క దగ్గర తాను మొదటిసారి ఎందుకు తప్పు చేసిందో చెప్పింది. ఆ తప్పు చెప్పినందుకే తీసుకున్నాను. ఇంకా బ్యాంకు పరీక్ష రాస్తారా అని అడిగితే రాస్తానంది. ఇప్పుడు మా రాత్రి షిఫ్టులో ఫ్రీజరు రిజిస్టరు ఆమే రాస్తుంది. మొన్న శనివారం షిఫ్టు మార్చమని పది రోజుల ముందే కాగితం ఇచ్చింది, మర్నాడు రాజమహేంద్రవరంలో ప్రిలిమ్స్ ఉందట. మార్చాను.